చివరి నాలుగు ముద్దలు

మంగ పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కుండలోని తరవాణి అన్నం మూడు గిన్నెల్లో వేసి, కూతురు భవ్యశ్రీకి రెండు జడలు అల్లి, దాన్ని వెంటబెట్టుకుని బడికి వెళ్ళేది. కూతురు రెండో తరగతి గదిలోకి, తల్లి వెనకవైపు వంటపాకలోకి. ఆ ఏడాదే బళ్ళో మధ్యాహ్నం అన్నం పెట్టడం మొదలైంది. అరవై రెండు మంది పిల్లలకి అన్నం, పప్పుచారు, వారానికి రెండు గుడ్లు. పిల్లలు తిన్నాక డేగిసాలు తోమి, అడుగున మిగిలింది నిలబడే మింగి, ఇంటికొచ్చి ఇసకలో ఎండేసిన చేపల్ని తిరగేసేది.

పొద్దు వాలాక అత్త రత్నాలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఒళ్ళో చిరిగిన వల. మంగ పక్కనే బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలెత్తకుండా అడిగేది.

“ఏటి తిన్నాడత్తా?”

“రొట్టి. బంగాళదుంప కూర. రొట్టి ఎండిపోనాది.”

“పొద్దున్న?”

“టీ. అందులోకీ రొట్టే.”

“ఊఁ.”

రత్నాలమ్మ నాలుక అలాంటిది. దూరాన ఉన్న ఒక మనిషి తినేది ఆమె నోటికి తెలిసేది. ఒకసారికి ఒక మనిషిదే. మొగుడు కూర్మయ్య ఉన్నన్నాళ్ళూ అతనిది. తెప్ప మీద అతను చద్దిమూట విప్పితే, ఒడ్డున ఈమె “ఉల్లిపాయ మర్చిపోనాను” అని నాలిక్కరుచుకునేది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం చేపలు తోముతుంటే నోటి నిండా ఉప్పునీళ్ళు వచ్చాయి. రత్నాలమ్మ చేతులు కడుక్కుని లోపలికెళ్ళి, గాజులు తీసి గూట్లో పెట్టింది. కబురు సాయంత్రానికి వచ్చింది. పదకొండు రోజులు ఆమె నాలుక చెక్కముక్కలా ఉండిపోయింది. పన్నెండో రోజు కొడుకు ఢిల్లీరావు వీధిచివర కొనుక్కుతిన్న బెల్లం జీడి తియ్యగా తగిలింది. అప్పటినుంచి అతనిది.

పల్లెలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు. వజ్రపుకొత్తూరు మండలంలోని చాలా పల్లెల్లాగే ఇక్కడి మగవాళ్ళూ ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద ఉంటారు. ఢిల్లీరావు వెరావల్ వెళ్ళినప్పుడు అదే బోటు మీద ఈ పల్లెవాళ్ళే ఇంకో ఐదుగురు ఉండేవారు. వాళ్ళ పెళ్ళాలు సాయంత్రమయ్యేసరికి రత్నాలమ్మ వాకిట్లో చేరేవారు.

“అత్తా, ఈవేళ బోటు మీద ఏటి వండినారు?”

“సందువా సేపల పులుసు. కారం దండిగా ఏసినారు.”

“మావోడికి కారం పడదు కదే!” అని తవిటమ్మ నెత్తి కొట్టుకునేది.

“మీవోడు తిన్నాడో నేదో నాకేటి తెలుసొలే? నా నోట్లోకి నావోడొక్కడే.”

ఆ వేసవిలో బోట్లు ఒడ్డుకి చేర్చి ఐదుగురూ తిరిగొచ్చారు. ఢిల్లీరావు రాలేదు. దసరాకి ముందే, చెప్పులు కొనుక్కొస్తానని హార్బరు దాటి ఊళ్ళోకి వెళ్ళినవాడు మళ్ళీ బోటెక్కలేదని చెప్పారు. రెండు రోజులు వెతికారట. యజమాని ఇంకొకణ్ణి పెట్టుకున్నాడట. వాకిట్లోకి వచ్చే ఆడవాళ్ళు తగ్గిపోయారు. రెండేళ్ళు గడిచాయి. ఉత్తరం లేదు, తవిటమ్మ ఇంటి పక్క ఎస్టీడీ బూత్‌కి ఫోనూ లేదు. కానీ అతను పూటపూటా తింటున్నాడు. కాబట్టి బతికే ఉన్నాడు.

సముద్రం మీదకెళ్ళినవాడి ఇంటికి తాళం వెయ్యకూడదని పల్లెలో కట్టుబాటు. వాడు తిరిగొచ్చేదాకా గుమ్మం తెరిచే ఉండాలి, లోపల మనిషి ఉండాలి. పెళ్ళిళ్ళకి కూడా అత్తాకోడళ్ళు కలిసి వెళ్ళలేదు. మంగకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. జీడిసొన అంటి పొట్టు ఊడిన చెయ్యి కొన్నాళ్ళకి వేడీ చలీ తెలియకుండా మొద్దుబారినట్టు, లోపల ఏదో అలాగే అయిపోయింది. రోజుకొకసారి ఏం తిన్నాడని అడిగేది. చెబితే వినేది.

ఆ వర్షాకాలంలో హెడ్మాస్టరు జగదీశ్వరరావు వంటపాకలోకొచ్చి కబురు చెప్పాడు.

“టెక్కలిలో ఆడపిల్లల హాస్టలుకి వంటమనిషి కావాలట. నీ పేరు చెప్పాను. ఉండటానికి గది ఇస్తారు. నీ కూతుర్ని అక్కడే చదివించుకోవచ్చు. మీ అత్తగారినీ తీసుకెళ్ళు. వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారంలోగా ఏ సంగతీ చెప్పాలి.”

“మా ఇంటికి తాళం పడకూడదండి.”

“ఎన్నాళ్ళని?”

“ఆయనొచ్చీదాకా.”

“ఎక్కడున్నాడో తెలుసా?”

“తెలవదండి. ఏటి తిన్నాడో తెలుసు.”

జగదీశ్వరరావు ఈ పల్లెలో ఆరేళ్ళుగా ఉన్నవాడే కనక ఆశ్చర్యపోలేదు. “అయితే అదే పట్టుకో. ఒక్కో ఊళ్ళో ఒక్కో తిండి. తినేది ఏమిటో తేలితే ఊరు తేలుతుంది. ఊరు తేలితే వెళ్ళి అడుగు. వస్తావా, రావా అని.”

ఆ సాయంత్రం మంగ బియ్యం చాట పక్కన పెట్టి కూర్చుంది.

“అత్తా, మన కాడ దొరకనిదేటైనా తింతన్నాడా?”

రత్నాలమ్మ వెంటనే చెప్పింది. “ఆదివారం సాయంత్రం తింతాడు. ఏడాది పైనయింది, ఒక్క ఆదివారం తప్పనేదు. సేమ్యాలాటివి, తీపి కాదు. దారాల్లాగ పొడుగు. నల్లటి పులుపేదో. కోడిమాంసం అగ్గిపుల్లల్లాగ కోసినారు. దూదిలాగున్నాది, ఫారం కోడి. కేబేజీ సగం పచ్చి. కాలిన ఇనప వాసన. నోరు మండిపోతాది.” ఆగి, “ఆఖర్న నాలుగు ముద్దలు మాత్రం ఏరేగుంతాయి,” అంది.

“ఏరేగంటే?”

“సల్లగ. కారం నేదు. మెత్తగ నలిపేసినట్టు, తియ్యగ. అంతసేపూ మంట తిని, ఆఖర్న అదెందుకు తింతాడో నాకు తెలవదు.”

శనివారం బడి ఒంటిపూట. మంగ ఆటోలో కాశీబుగ్గ వెళ్ళింది. బస్టాండు ఎదురుగా కూర్మారావు బండి ఉంది. పదేళ్ళు కలకత్తాలో చైనా వాళ్ళ హోటల్లో గిన్నెలు తోమి, గరిట పట్టి, తిరిగొచ్చి బండి పెట్టుకున్నాడు. బోర్డు మీద రెక్కల పాము బొమ్మ వేయించాడు. జనం దాన్ని తొండ బండి అంటారు. మంగ చెప్పిందంతా విని నవ్వాడు.

“చికెన్ నూడిల్సు అప్పా అది! ఊరెలగ తెలుత్తాది? కలకత్తాలో ఉంది, బొంబాయిలో ఉంది, ఇదిగో, తొండ బండి కాడా ఉంది.”

“ఆఖర్న నాలుగు ముద్దలు సప్పగ, సల్లగ ఎవలు పెడతారు?”

కూర్మారావు గరిటె ఆపాడు. “అలగెవలూ పెట్టరే. నానైతే ఎవలకీ పెట్టనేదు.”

“అయితే అది పెట్టీ ఊరే ఆ ఊరు.”

అతనికి మంగ వాలకం చూసి ఏమనిపించిందో, ప్లేటు అమ్మకుండా పద్ధతి చెప్పాడు. నీళ్ళు కుతకుతలాడాక నూడుల్స్ వెయ్యాలి, వంగితే చాలు, తీసెయ్యాలి. చన్నీళ్ళు పొయ్యాలి. నూనె రాసి గుడ్డ మీద ఆరబెట్టాలి. మూకుడు పొగలొచ్చేదాకా కాలాలి. మంట పెద్దది కావాలి, చెయ్యి ఆగకూడదు. సోయాసాసు, వెనిగరు రెండు చిన్న సీసాల్లో పోసిచ్చి, టేస్టింగ్ సాల్టు కాగితంలో చుట్టి, నూడుల్స్ రెండు కట్టలతో పాటు ఇచ్చాడు.

“గుర్తెట్టుకో అప్పా. అన్నం కాదది.”

మంగ గుర్తుపెట్టుకుంది. చెయ్యి గుర్తుపెట్టుకోలేదు. ఆదివారం మధ్యాహ్నం నూడుల్స్ ఉడుకుతుంటే, ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ ఎసట్లో ఉప్పు వేసి, మెతుకు పట్టి చూసినట్టు ఒక పోగు వేళ్ళ మధ్య నలిపి చూసి, మూత అడ్డం పెట్టి గంజి వార్చి, నిప్పుల మీద మగ్గబెట్టింది. మూత తీసేసరికి తెల్లటి ముద్ద. అందులో సాసు పోసి కలిపితే బురదలా అయింది. ముందే ఉప్పు పడింది కనక నోట పెట్టలేకపోయారు.

“ఇది కాదు,” అంది రత్నాలమ్మ.

“అది నాకూ తెలుసత్తా.”

మిగిలింది పారెయ్యడానికి రత్నాలమ్మకి మనసొప్పక తరవాణి కుండలో వేసేసింది. మర్నాడు పొద్దున్న ముగ్గురి గిన్నెల్లోనూ పులిసిన పోగులు. భవ్యశ్రీ ఒక పోగు నోటికందించుకుని సర్రుమని లోపలికి పీల్చి, “రోజూ ఇదే పెట్టు,” అంది.

వారమంతా మంగ వంటపాకలో డేగిసా కలుపుతూ ఆ పద్ధతి నెమరేసుకుంది. నూడుల్స్ సంగతి తేలింది, మంట సంగతి తేలలేదు. కిరసనాయిలు పొయ్యి మీద మూకుడు పొగలు కక్కదు. కొబ్బరి మట్టలు భగ్గున లేచి భగ్గున ఆరిపోతాయి. గురువారం తవిటమ్మ ఉపాయం చెప్పింది.

“జీడితొక్కలు ఎయ్యి. పలాసలో బట్టీలన్నీ వాటితోనే కాల్తాయి. మా సెల్లెలు కాడ గోనెడున్నాయి. పొగకి కళ్ళు పోతాయనుకో.”

“పోతే పోనీ.”

“నూడిల్సు కోసమేటే కళ్ళు పోగొట్టుకుంతావు? నీకేటైనా పట్టిందేటి?”

మంగ ఆ గోనె తెప్పించుకుంది. ఆ సోమవారమే గడువు. ఈ ఆదివారం తేలకపోతే, హెడ్మాస్టరుకి వెళ్ళనని చెప్పెయ్యాలి. ఇక గుమ్మం తెరుచుకుని కూర్చోవాలి. ఎన్నాళ్ళన్నది ఆ నాలుగు ముద్దల్లో ఉంది.

రెండో ఆదివారం పొద్దున్నే ఇంటి వెనక మూడు రాళ్ళు పెట్టి మొదలుపెట్టింది. ఫారం కోడి రొమ్ము మాంసం కత్తిపీట మీద సన్నగా చీల్చింది. చేపలు కోసిన చెయ్యి, పుల్లలు ఒకదానికొకటి తేడా లేకుండా వచ్చాయి. గుడ్డు తెల్లసొన, కాస్త పిండి, మిరియాలు పట్టించి పెట్టింది. కేబేజీ, కారెట్టు, బెంగుళూరు మిరప దారాల్లా తరిగింది. నూడుల్స్ ఉడుకుతుంటే మూత కంటికి కనబడకుండా తీసుకెళ్ళి అటక మీద పెట్టింది. వంగగానే జల్లెడలో వంచి, బావి నీళ్ళు గుమ్మరించి, నూనె చేత్తో పట్టించి, పాత చీర ముక్క మీద పరిచింది.

జీడితొక్కలు అంటుకున్నాయి. నల్లటి పొగ, అందులోంచి బుస్సుమని మంట. నూనె పడగానే మూకుడు గరగరలాడింది. వెల్లుల్లి, పచ్చిమిరప, మాంసం. మాంసం తెల్లబడగానే పక్కకి తీసి కూరలు, కూరలు రంగు మారేలోపే నూడుల్స్, మాంసం మళ్ళీ. సాసు మూకుడు అంచుకి పోసింది. చుర్రుమంది. చెయ్యి ఆపలేదు. మంట మణికట్టుదాకా వచ్చినా వెనక్కి తీయలేదు. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారాయి. పొగకి.

రత్నాలమ్మ పీట మీద కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముద్ద.

“ఇదేనా అత్తా?”

“ఇదే. ఇనప వాసన్తో సహా ఇదే.” రత్నాలమ్మ ఏడాదిగా నోటికే తప్ప కడుపుకి అందనిది ఇప్పుడు తింటోంది. పళ్ళెం ఖాళీ చేసింది. అప్పుడు చెప్పింది. “ఆఖరుది రానేదు.”

“ఆఖర్న సక్కెర ఏస్తారేమో?”

“కాదు.”

“సల్లారబెట్టిందా?”

“సల్లారిందే. కానీ ఇది సల్లార్తే అది కాదు.”

మంగ కొంచెం తీసి పంచదార కలిపి ఇచ్చింది. కాదంది. నీళ్ళలో కడిగి ఇచ్చింది. కాదంది. ఈలోపు భవ్యశ్రీ ఒక పోగు కొరికి, కారమని నాలుక బయటపెట్టి గెంతడం మొదలుపెట్టింది. మంగ విసుక్కుంటూ దాని పళ్ళెంలో నాలుగు పోగులు వేసి, కారం పోయేలా నీళ్ళతో కడిగి, వేళ్ళతో చిన్నచిన్న ముక్కలుగా తుంచి నలిపి, చిటికెడు పంచదార చల్లి ఇచ్చింది. పిల్ల సగం తిని, సగం నోట్లోంచి జార్చి, పళ్ళెంలో వేలితో బొమ్మలు గీసి, తవిటమ్మ కూతురు పిలిచిందని లేచి పరిగెత్తింది.

రత్నాలమ్మ ఆ పళ్ళెం దగ్గరికి లాక్కుంది. మనవరాలు వదిలింది రోజూ ఆమె తింటుంది. పారెయ్యడం ఆమెకి తెలియదు. చల్లారిన ముక్కలు వేళ్ళతో దగ్గరికి తీసి ముద్ద చేసి నోట్లో వేసుకుంది.

“ఇదే!” అంది. “ఇదేనొలే! ఆఖర్న తగిలీది ఇదే!”

అన్నాక, చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

మంగ పొయ్యిలోంచి జీడితొక్కలు ఒక్కొక్కటే బయటికి లాగి ఇసకలో పొడిచి ఆర్పింది. అన్నీ ఆరేదాకా తిరిగి చూడలేదు. తర్వాత మూకుడు బావి దగ్గరికి తీసుకెళ్ళి కొబ్బరిపీచు పెట్టి తోమింది. తోమిన మూకుణ్ణే మళ్ళీ తోమింది.

సాయంత్రం రత్నాలమ్మ గుమ్మంలో కూర్చుంది. ఒళ్ళో వల లేదు. మంగ బియ్యం చాట తెచ్చుకుని పక్కన కూర్చుంది. పొద్దు వాలింది. కాసేపటికి ముసలామె దవడలు కదిలాయి. మంగ రాళ్ళు ఏరుతూ ఆగింది.

“తింతన్నాడా?”

“తింతన్నాడు.”

సముద్రం మీంచి గాలి తిరిగింది. తవిటమ్మ ఇంట్లో రేడియో ఆగిపోయింది.

“ఆఖరిది?”

“తింతన్నాడు. ఈవేళ సంటి గుంట ఎక్కువ వదిలేసినట్టుంది. ఆరు ముద్దలు.”

మంగ ఒక రాయి తీసి వాకిట్లోకి విసిరింది. “ఎంత గుంటత్తా?”

“ముక్కలు బాగా సన్నం. పళ్ళన్నీ రానేదు.”

“అయితే ఏడాదిన్నర.”

“అంతే ఉంతాది.”

“ఆడా, మగా?”

“అది నాలిక్కి తెలవదు.”

ఇద్దరూ నవ్వినంత పని చేశారు. నవ్వలేదు. మంగ ఏరిన బియ్యం కడిగి ఎసట్లో పోసింది. అన్నం ఉడికాక గంజి వార్చింది. ఈసారి తప్పు కాదు.

సోమవారం వంటపాకలో పొయ్యి వెలిగించకముందే జగదీశ్వరరావు గది ముందు నిలబడింది.

“వెళ్తానండి.”

“ఊరు తేలిందా?”

“నేదండి. ఇల్లు తేలింది.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, టెక్కలికి కాగితం రాసిచ్చాడు.

అత్తకి ఎలా చెప్పాలా అని మంగ రెండు రోజులు ఊరుకుంది. బుధవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం పక్కన కొత్త తాళం ఉంది. ఆ ఇంటికి ఎప్పుడూ తాళం లేదు. ముసలామె వజ్రపుకొత్తూరు నడిచివెళ్ళి కొనుక్కొచ్చింది. తలుపుకి గడియ కొక్కెం కూడా లేకపోతే వడ్రంగిని పిలిచి కొట్టించింది.

బయల్దేరిన రోజు రెండు గోనెసంచులు, ఒక ట్రంకు పెట్టె, తోమిన మూకుడు ఆటోలో పెట్టారు. రత్నాలమ్మ తలుపు మూసి తాళం బిగించి లాగి చూసింది. తవిటమ్మ పరుగున వచ్చింది.

“ఓలమ్మో! తాళమెడతన్నావేటి రత్నాలత్తా? సముద్రం మీదున్నోడి ఇల్లు!”

“ఆడు సముద్రం మీదున్నాడని నీకెవలు సెప్పినారు? ఇంటికాడే ఉన్నాడు,” అంది రత్నాలమ్మ. తాళంచెవి కొంగున ముడేసుకుని ఆటో ఎక్కి, “బేగి పోనీ బాబూ, గుంటకి ఆకలేత్తాది,” అంది.

టెక్కలి హాస్టల్లో నూట నలభై మంది ఆడపిల్లలు. గది చిన్నది, గోడకి సున్నం కొత్తది. భవ్యశ్రీ రెండో రోజుకే పెద్ద పిల్లల వెంట తిరగడం మొదలుపెట్టింది. మంగ నాలుగింటికి లేచేది, పొద్దు వాలాక గదికి వచ్చేది. రత్నాలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండేది. వల లేదు కనక చేతులు ఊరికే ఒళ్ళో ఉండేవి. మంగ ఏమీ అడిగేది కాదు. ఆమె ఏమీ చెప్పేది కాదు. మొదటి ఆదివారం సాయంత్రం ముసలామె దవడలు కదలలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, పుక్కిలించి ఉమ్మేసింది.

“సెక్కముక్కలాగుంది,” అంది.

పన్నెండో రోజు మంగ గదికొచ్చి తువ్వాలు దండెం మీద వేస్తుంటే, వెనక నుంచి రత్నాలమ్మ అంది.

“మధ్యాన్నం పప్పులో సింతపండు ఎక్కువైపోనాది.”

మంగ చెయ్యి దండెం మీదే ఉండిపోయింది. అత్త వంటింటివైపు రాలేదు. హాస్టలు పప్పు గదికి రాలేదు.

“గుంటలకి పెట్టేసినాక అడుగంటింది గీకి తిన్నావు. మాడు వాసన. రెండు ముద్దలు తిని నీళ్ళు తాగేసినావు. పొద్దున్నైతే అదీ నేదు. ఉట్టి టీ.” రత్నాలమ్మ గోడవైపు చూస్తూ చెప్పింది. “నాకు ఆకలేత్తంది.”

మంగ తువ్వాలు సరిచేసింది. “రేపు సింతపండు తగ్గిత్తాను.”

మర్నాడు మధ్యాహ్నం నూట నలభై మందికీ వడ్డించాక, మంగ ఒక పళ్ళెం కడుక్కుని, వేడన్నం పెట్టుకుని, పప్పు, కూర వేసుకుని, పీట వాల్చుకుని కూర్చుని తింది.